మిద్దె మీది కరెంటు: అపోహలు – వాస్తవాలు

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలైనప్పటి నుంచి కాలనీల్లో, టీ కొట్ల దగ్గర సోలార్ ముచ్చట్లు ఎక్కువయ్యాయి. సగం తెలిసిన మాటే చేతులు మారి పూర్తి నిజమైపోతోంది. డబ్బున్నవాళ్లకు పర్లేదు. నెల జీతంలో మిగుల్చుకుని మిద్దె మీద నాలుగు ప్యానెళ్లు వేద్దామనుకునేవాళ్లకు మాత్రం ఈ అపోహలు ఖరీదైనవి.

“నెలకు 300 యూనిట్లు ప్రభుత్వం ఊరికే ఇస్తుంది”

ఎవరూ ఇవ్వరు. మీ కప్పు మీద మీ ప్యానెళ్లు తయారుచేస్తాయి. మన ఎండకు ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 దాకా ఇస్తుంది. మూడు కిలోవాట్లు పెడితే 300 దాటుతుంది, ఆ ‘ఉచితం’ అక్కడి నుంచి వచ్చిందే. ప్రభుత్వం ఇచ్చేది సబ్సిడీ: మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు. మొత్తం 78 వేలు. అయిదు కిలోవాట్లు పెట్టినా అంతకు మించి రాదు. పైగా అది ముందు రాదు. సొంత డబ్బో బ్యాంకు అప్పో పెట్టి పని పూర్తిచేయించి, గ్రిడ్‌కు ఇచ్చిందీ తీసుకున్నదీ రెండూ లెక్కించే నెట్ మీటర్ బిగించి, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) తనిఖీ అయ్యాకే ఖాతాలో పడుతుంది. ప్యానెళ్లు, వాటిలోని సెల్స్‌తో సహా, మన దేశంలో తయారైనవై ఉండాలి, పెట్టేవాడు పథకంలో నమోదైన వెండర్ అయి ఉండాలి. ఇంకా చవగ్గా ఇస్తానని వచ్చేవాడిని ముందు ఈ రెండూ అడగండి.

“పెట్టేదేదో పెద్దదే పెట్టాలి, ఎంత పెద్దదైతే అంత లాభం”

బడ్జెట్‌ను తినేసే అపోహ ఇదే. మన బిల్లు శ్లాబుల్లో నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మారిన టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయల చొప్పున పడితే, 225 దాటిన యూనిట్‌కు 8.75 పడుతుంది. సోలార్ ముందుగా తగ్గించేది పైనున్న ఆ ఖరీదైన యూనిట్లనే.

నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంటిని తీసుకుని, మిగతా చార్జీలు పక్కన పెట్టి ఆ టారిఫ్‌తో లెక్క వేద్దాం. మొదటి కిలోవాట్ ఇచ్చే 120 యూనిట్లతో సుమారు 926 రూపాయలు మిగులుతాయి. రెండోదానితో 600. మూడోది వచ్చేసరికి ఆ ఇంట్లో తగ్గించడానికి మిగిలేవే 60 యూనిట్లు, అవీ చవక శ్లాబులోవి. ఆదా 147 రూపాయలు! మిగిలిపోయిన యూనిట్లను గ్రిడ్‌కు ఇస్తే వచ్చే ధర పై శ్లాబుల్లో మనం కొనే ధర కన్నా బాగా తక్కువ. ఏసీలు పెరిగే ఇల్లయితే మూడోది పెట్టుకోవచ్చు. లేకుంటే ఆ డబ్బుకు మంచి దారులున్నాయి.

ఒక దారి ఫ్యాన్లు. పాత ఫ్యాన్ 75 వాట్లు లాగితే, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో తిరుగుతుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగే ఇంట్లో నెలకు 80 యూనిట్లు తగ్గుతాయి. అంటే ఒక కిలోవాట్ ఇచ్చేదాంట్లో మూడింట రెండొంతులు. కప్పెక్కే పని లేదు, మీటర్ మార్చే పని లేదు. కాబట్టి ఏడాది బిల్లులు ముందేసుకుని, ముందు వాడకం తగ్గించి, ఆ తర్వాతే కిలోవాట్లు లెక్కవేయాలి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు సున్నా బిల్లు అందుకునే ఇల్లయితే అసలు తొందరే లేదు. లేని బిల్లును సోలార్ ఎక్కడ తగ్గిస్తుంది?

“కరెంటు పోయినా మన ఇంట్లో వెలుగే”

సబ్సిడీతో ఎక్కువగా పెట్టేది ఆన్‌గ్రిడ్ సిస్టమ్. లైన్‌లో సరఫరా ఆగితే, నడినెత్తిన ఎండ ఉన్నా అది ఆగిపోతుంది. లోపం కాదు, కావాలనే అలా చేశారు. మన కరెంటు లైన్‌లోకి పారితే స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికొస్తుంది. కోతలప్పుడూ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి. బ్యాటరీకి ఈ సబ్సిడీ లేదు.

బ్యాటరీ మీదా ఆశలు ఎక్కువే. ఇళ్లలో మామూలుగా ఉండే 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో నిండా ఉండేది 1.8 యూనిట్లు. రోజూ అడుగంటా వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. దానితో ఫ్యాన్లు, లైట్లు, రౌటర్ నడుస్తాయి, ఏసీ నడవదు. ఊళ్లో కోతలు తక్కువైతే బ్యాటరీ జోలికి పోకపోవడమే పొదుపు.

“ఎండ ఎంత మండితే అంత కరెంటు”

ప్యానెల్‌కు కావాల్సింది వెలుగు, వేడి కాదు. దాని మీద రాసే వాట్లు సెల్ వేడి 25 డిగ్రీలున్నప్పటివి. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే దిగుబడి 14 శాతం దాకా పడిపోతుంది. అందుకే రేకుకు అంటించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా బిగించాలి. నీడ ఇంకా చెడ్డది. పక్కింటి కొబ్బరి మట్ట నీడ ఒక ప్యానెల్ మీద పడితే, దానితో వరుసగా కలిపిన ప్యానెళ్లూ దెబ్బతినవచ్చు. నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది నీడ ఉదయం, సాయంత్రం ఎటు పడుతుందో చూసుకున్నాకే చోటు ఖాయం చేయండి.

“స్లాబు బరువు మోయలేదు, కారుతుంది కూడా”

మంచి స్లాబుకు ఈ బరువు లెక్కలోది కాదు. అసలు భయం పైకి లేపే గాలి. హుద్‌హుద్ తుఫానును చూసిన విశాఖవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. కారుతుందన్న భయంతో స్లాబుకు రంధ్రాలు వద్దనుకుంటే కాంక్రీటు దిమ్మెలు పోసి వాటికి బిగించవచ్చు, అయితే అవి గాలికి తట్టుకునేంత బరువుండాలి. వెండర్ రేటు తగ్గించాడంటే చాలాసార్లు కోత పడేది ఇక్కడే: పల్చటి స్టాండు, నాసిరకం డీసీ కేబుల్, పేరుకు ఎర్తింగ్. ప్యానెళ్ల దిగుబడికి 25 ఏళ్ల వారంటీ ఇస్తారు. అప్పటిదాకా అవి నిలబడాల్సింది ఆ స్టాండు మీదే.

“ఒకసారి పెడితే ఇక పైసా ఖర్చు లేదు”

ఫిక్స్‌డ్ చార్జీలు నెలనెలా వస్తూనే ఉంటాయి. ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ ప్యానెళ్లంత కాలం రాదు, మధ్యలో ఒకసారి మార్చాల్సి రావచ్చు, ఆ డబ్బు ఇప్పటి నుంచే లెక్కలో ఉంచుకోండి. దుమ్ము కడగడానికి మాత్రం మనిషిని పెట్టనక్కర్లేదు. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు మంచినీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. బోరు నీళ్లతో కడిగితే ఉప్పు చార పడుతుంది.