గురక గాఢనిద్ర కాదు

కోడి కూయకముందే లేచి గేదె పొదుగు కడిగే మనబోటి వారికి రాత్రి నిద్రే పెట్టుబడి. అయితే రాత్రంతా పడుకుని కూడా బడలికతో లేచేవారు, అయినదానికీ కానిదానికీ కసురుకునేవారు, దేనిమీదా మనసు లేదనేవారు శావల్యాపురంలోనే కాదు, ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అలాంటి మనిషి గురక ఇంటిల్లిపాదినీ లేపుతుంటే, ఆదమరచి నిద్రపోతున్నాడులే అని ఊరుకోకండి.

నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. గురక ఉన్నట్టుండి ఆగుతుంది. పది సెకండ్లో, అంతకు మించో ఊపిరి అందదు. ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మళ్లీ గురక మొదలు. జబ్బు ముదిరితే ఇది గంటకు 30 సార్లకు పైగా జరుగుతుంది. తెల్లవారాక ఆ మనిషికి ఏదీ గుర్తుండదు. కాబట్టి కనిపెట్టవలసింది పక్కన పడుకున్నవారే. దీనిని స్లీప్ ఆప్నియా అంటారు. 'గ్యాంగ్ లీడర్' పాటలకు బాణీలు కట్టిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ఈ జబ్బుతోనే మరణించారని వైద్యులు తెలిపారు. లావుపాటి వారికి ఎక్కువగా వచ్చినా సన్ననివారినీ వదలదు. ఆడవారిలో ముట్లుడిగాక పెరుగుతుంది.

మేము ముఖ్యంగా చెప్పదలచింది మనసు సంగతి. ముక్కలైన నిద్ర చిరాకును, మరుపును, దిగులును తెస్తుంది. చిరాకు చేతికి గేదె కూడా చేపదని మీకు వేరే చెప్పాలా?

1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్ దీనికి ఒక ఉపాయం ప్రకటించారు. ముక్కుకు తొడుగు పెట్టి, చిన్న యంత్రంతో కొద్ది ఒత్తిడిమీద రాత్రంతా గాలి పంపితే గొంతు మూసుకోదు. ఆ యంత్రమే సీప్యాప్. గుండె, మెదడు రక్తనాళాల జబ్బులున్న 2,717 మందిపై మనదేశంతో సహా 7 దేశాలలో జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. యంత్రం వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం తగ్గినట్లు తేలలేదు. కాని పగటి మగత తగ్గింది, మనసు తేలికపడింది. అదీ సగటున రాత్రికి 3.3 గంటలు వాడినందుకే!

అనుమానముంటే నరసరావుపేటలోగాని గుంటూరులోగాని ఊపిరితిత్తుల వైద్యునికో, చెవి ముక్కు గొంతు వైద్యునికో చూపించండి. ఒక రాత్రి నిద్రను పరీక్షించి చెబుతారు. సారాయి, సొంతంగా మింగే నిద్రమాత్రలు గొంతును మరింత సడలిస్తాయి. దిగులు మాత్రలు వాడేవారు వాటిని తమంతట తాము మానరాదు. గాలి యంత్రం వాడినా దిగులు తగ్గకపోతే మానసిక వైద్యుని వద్దకు వెళ్లాలి. 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

మొదటి వారం తొడుగు ఇబ్బందిగానే ఉంటుంది. గాలి పక్కకు పోతుంటే కొలత మార్పించుకోండి. దానిని రోజూ సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. పాల క్యానుకు చూపే శ్రద్ధ చాలు.