రెండు కుర్చీల ఇల్లు

ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమని మన పెద్దలందురు. 1895వ సంవత్సరపు శరత్కాలమున పారిస్ నగరమందలి గ్లాసియేర్ వీధిలో, 24వ నంబరు భవనమున క్రొత్తగా కాపురము పెట్టిన దంపతుల ఇంటిని ఎవరైన ఆ కంటితో చూడబోయినచో ఇల్లాలికి మంచి మార్కులు పడియుండవు. ఉన్నవి మూడు చిన్న గదులు. కిటికీ తెరచినచో ఎదుట ఒక పెద్ద తోట కనబడును. ఇంటికి అందమంతయు అదియే. లోపల తెల్లకఱ్ఱ బల్ల యొకటి, దానికి ఆ కొసను ఒక కుర్చీ, ఈ కొసను ఒక కుర్చీ. బల్లపై పుస్తకములు, దీపము, ఒక పూలగుత్తి. అతిథి వచ్చినచో కూర్చుండుటకు మూడవ కుర్చీ లేదు. పెండ్లికుమారుని తండ్రి ఇంటిసామాను ఇచ్చెదనన్నను వారు వలదనిరి. సామాను పెరిగినకొలది తుడుచుపని పెరుగును. అతిథులు పెరిగినకొలది చదువు తరుగును. అది వారి లెక్క.

ఆ దంపతులు పియేర్ క్యూరీ, మేరీ క్యూరీ. రేడియమును కనుగొన్నవారుగా వారిని ఎరుగని విద్యార్థి యుండడు. కాని ఆ కీర్తికి ముందు వారు నడపిన చిన్న సంసారము కూడ తెలిసికొనదగినదే. ఏలయన, పెండ్లితో స్త్రీ చదువు ముగియవలసినదేనా యను ప్రశ్నకు ఆ మూడు గదులలోనే సమాధానము లభించెను.

మేరీ 1867లో పోలెండు దేశమందలి వార్సాలో జన్మించెను. అప్పుడా నగరము రష్యా చక్రవర్తి ఏలుబడిలో నుండెను. అచ్చటి విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు. ఆమె పరుల ఇండ్లలో పిల్లలకు పాఠములు చెప్పి, ఆ జీతములో కొంత పారిస్‌లో వైద్యము చదువుచున్న అక్కకు పంపి, పిమ్మట 1891లో తానును పారిస్ చేరెను. 1893లో భౌతికశాస్త్ర పట్టపరీక్షలో ప్రథమస్థానము, 1894లో గణితమున ద్వితీయస్థానము పొందెను. ఆ యేటనే పియేర్ పరిచయమయ్యెను. ఆయన ఒక పారిశ్రామిక విద్యాలయమున పనిచేయుచుండెను. స్ఫటికములను గూర్చి విశేషమైన పరిశోధనలు చేసినవాడు. ఆయన వివాహమాడుదమని కోరగా ఆమె వెంటనే సమ్మతింపలేదు. స్వదేశమునకు మరలి, తండ్రికి తోడుగా నుండి, ఉపాధ్యాయినిగా పనిచేయవలెనని ఆమె సంకల్పము. అవసరమైనచో తానే పోలెండు వచ్చి యుందునని పియేర్ చెప్పెను. ఆయన అంత త్యాగము చేయవలసిన పని పడలేదు. కాని అంతకు సిద్ధపడిన మనుష్యుడు తన చదువునకు అడ్డురాడని ఆమె గ్రహించియుండవచ్చును.

1895 జూలై 26వ తేదీన సో అను చిన్న పట్టణపు పురపాలక కార్యాలయమున వారి వివాహము జరిగెను. ఉంగరములు లేవు, విందు ఆర్భాటము లేదు. పెండ్లిదుస్తులు కానుకగా ఇచ్చెదమన్న వారిని, ముదురురంగుగలదియు, తరువాత ప్రయోగశాలకు కట్టుకొని పోదగినదియు కావలెనని ఆమె కోరెను. బంధువొకరు పంపిన కానుక డబ్బుతో దంపతులు రెండు సైకిళ్లు కొనిరి. నగలకు మారుగా వచ్చిన ఆ సైకిళ్లే వారి ఏకైక విలాసము. కొద్దిపాటి రొట్టె, పండ్లు కట్టుకొని, పారిస్ చుట్టునున్న అడవులగుండను పల్లెలగుండను వారు తిరిగిరి. అలసినచోట ఆగి, దొరికిన సత్రములో పండుకొని, మరునాడు మరల బయలుదేరుచుండిరి. ఆ పిమ్మటకూడ సెలవు దొరికినప్పుడెల్ల సైకిళ్లెక్కి పోయి, అడవిపూలు తెచ్చి బల్లపై నుంచుకొనుచుండిరి.

సంసారపు భారము మాత్రము సమముగా పంచబడలేదు. ఈ మాట దాచవలసిన పనిలేదు. పనిమనిషి రోజునకు ఒక గంట వచ్చి గిన్నెలు కడిగి బరువుపనులు చేసి పోవుచుండెను. అంగడికి పోవుట, వంట, బట్టలు బాగుచేయుట, అన్నియు మేరీవే. పెండ్లికి ముందు ఆమెకు వంట రాదు. అక్క అత్తగారియొద్ద శ్రద్ధతో నేర్చుకొనెను. తాను లేకున్నను తనంతట ఉడుకు వంటకములను ఎంచుకొని, ప్రయోగశాలకు పోవుటకు ముందు గ్యాసు పొయ్యి మంటను కొలిచినట్లు తగ్గించి పోవుచుండెను. పియేర్ జీతము నెలకు సుమారు 500 ఫ్రాంకులు. ఖర్చు వ్రాయుటకు నల్ల అట్ట పుస్తకమొకటి కొని, ప్రతిరాత్రియు ఆమె అందు పద్దులు వేయుచుండెను. పద్దులు ముగిసిన పిమ్మట దీపమునకు ఈ ప్రక్క ఆమె, ఆ ప్రక్క ఆయన చదువునకు కూర్చుండిరనగా అర్ధరాత్రి దాటువరకు లేచెడువారు కారు.

ఆమె అప్పుడు చదువుచుండినది బాలికల ఉన్నతపాఠశాలలలో ఉపాధ్యాయపదవికి అర్హతనిచ్చు పరీక్షకు. 1896లో ఆమె అందు ప్రథమురాలుగా ఉత్తీర్ణురాలయ్యెను. పియేర్ తన పాఠములను సిద్ధపరచుకొనుచు, ఆ పనులతోపాటు భార్య మాతృభాషయైన పోలిష్ నేర్చుకొనసాగెను. 1897 వేసవిలో ఆమె తండ్రితో కలసి సముద్రతీరమున నున్నప్పుడు, పారిస్‌లో చిక్కుకొన్న పియేర్ ఆమెకు పోలిష్ భాషలో జాబులు వ్రాసెను. ఉద్యోగమునకు పనికిరాని ఆ భాషను ఆయన మరి దేనికి నేర్చెను?

ఆ యేడు సెప్టెంబరు 12వ తేదీన ఐరీన్ అను కుమార్తె జన్మించెను. అసలు పరీక్ష అప్పుడు వచ్చినది. బిడ్డకు పాలా, ప్రయోగమా? కొలదిదినములకే పియేర్ తల్లి మరణించెను. వైద్యుడైన ఆయన తండ్రి యూజీన్ క్యూరీ, ఒంటరియై, కుమారుని ఇంట చేరెను. మనుమరాలిని ఆడించుట, ఆమెకు కథలు చెప్పుట, మాటలు నేర్పుట ఆ వృద్ధునికి ప్రాణమైన పని. తల్లి ప్రయోగశాలలో నిశ్చింతగా నిలువగలిగినదనిన, ఇంట తాతగారు నిలిచియుండుటచేతనే. రేడియము చరిత్రలో ఆయన పేరు కనబడదు, కనబడదగినది.

డాక్టరు పట్టమునకు మేరీ యురేనియమునుండి వెలువడు కిరణములను విషయముగా ఎంచుకొనెను. వాటిని 1896లో బెకెరెల్ గుర్తించియుండెను. యురేనియము ఖనిజమైన పిచ్‌బ్లెండు, అందలి యురేనియమునకు తగినదానికంటె అధికముగా కిరణములను వెలువరించుచున్నదని ఆమె కొలతలు తేల్చెను. అనగా అందు తెలియని మూలకమేదో దాగియుండవలెను. అది చూచి పియేర్ తన స్ఫటికముల పనిని ఆపి భార్య పనిలో చేరెను. 1898 జూలైలో క్రొత్త మూలకమును ప్రకటించి, స్వతంత్రము లేని తన దేశము పేర దానికి పొలోనియమని మేరీ పేరిడెను. డిసెంబరులో రేడియము ప్రకటింపబడెను. బిడ్డకు వచ్చిన పండ్లు, పెరిగిన తూకము ఆమె వేరొక పుస్తకమున గుర్తించుచుండెను. వంటపుస్తకపు అంచున, గూస్‌బెర్రీ పండ్ల జెల్లీ చేసిన వైనము: పండ్లు 8 పౌన్లు, పంచదార అంతే, 10 నిముషములు మరిగించి, జల్లెడ పట్టగా 14 జాడీలు. జెల్లీకైనను మూలకమునకైనను ఆమె కలము ఒక్కటే: తూచుట, కాచుట, ఫలితము వ్రాయుట.

రాత్రి బిడ్డ నిద్రించిన పిమ్మట దంపతులు కొన్ని వేళల లోమొండ్ వీధిలోని తమ షెడ్డునకు నడచిపోయి, చీకటిలో మినుకుమినుకుమను గాజుగొట్టములను చూచి మురియుచుండిరి. ఆ వెలుగు హానికరమని అప్పటికి వారెరుగరు. 1934లో మేరీ రక్తహీనతవ్యాధితో మరణించుటకు ఆ కిరణములే కారణమని వైద్యులు భావించిరి. ఇద్దరి చేవ్రాతయు కలసియున్న ఆ ప్రయోగపుస్తకములు నేటికిని కిరణములను వెలువరించుచున్నందున, ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయమున సీసపు పెట్టెలలో భద్రపరుపబడియున్నవి.

1903లో నోబెల్ బహుమానమునకు ఫ్రెంచి విద్వాంసులు పంపిన సిఫారసులో బెకెరెల్ పేరును పియేర్ పేరును ఉన్నవి. మేరీ పేరు లేదు. ఆ సంగతి ఒక స్వీడిష్ గణితవేత్త రహస్యముగా తెలుపగా, తనను గణించుచో మేరీతో కలిపియే గణింపవలెనని పియేర్ బదులు వ్రాసెను. బహుమానము ముగ్గురకు వచ్చెను. ఆ బల్లకు రెండు కుర్చీలున్నవని ఆయన మరచిపోలేదు.

1906 ఏప్రిల్ 19వ తేదీన ఒక బరువుబండి క్రిందపడి పియేర్ మరణించెను. వారి కాపురము పదునొకండేండ్లైనను నిండలేదు. సోర్బాన్ విశ్వవిద్యాలయము ఆయన పాఠములను మేరీకి అప్పగించెను. నవంబరు 5వ తేదీన సభామందిరము క్రిక్కిరిసెను. కన్నీటి ఉపన్యాసము వినగోరి వచ్చినవారును కలరు. ఆమె లోనికి వచ్చి, ఉపోద్ఘాతమేమియు లేక, పియేర్ పాఠమును ఆపిన చోటినుండి మొదలుపెట్టెను.