మోకాళ్ల వాతమునకు జన్యుచికిత్స

మదనపల్లె చుట్టుపట్ల టమాటా తోటలలోను, పుంగనూరు, కుప్పము ప్రాంతముల వేరుసెనగ చేలలోను గొంతు కూర్చుండి కలుపు తీసిన స్త్రీలకు, బరువులు మోసిన పురుషులకు నడివయస్సు దాటునప్పటికి మోకాళ్లు పట్టుకొనిపోవుట మన మెరుగనిది కాదు. ఈ బాధకు జన్యుచికిత్స వచ్చుచున్నదట, నిజమేనా యని గ్రామస్థులు పంచాయతీ సభ్యులను అడుగుట సహజము.

మోకాలిలో ఎముకల చివరలకు మృదులాస్థి యను నునుపైన కప్పు ఉండును. కీలు సంచి లోపలివైపున పలుచని పొర యొకటి కలదు. బండి ఇరుసునకు కందెన యెట్లో, ఈ పొరలోని కణములు ఊరించు ద్రవము కీలునకు అట్లు. కీలు చెడినప్పుడు ఈ పొర వాచి, ఇంటర్‌ల్యూకిన్-1 అను పదార్థమును విడుచును. అది మృదులాస్థిని క్రమముగా తినివేయును. దీనిని అడ్డగించు మాంసకృత్తు మన శరీరములోనే కలదు గాని చాలదు; సూదితో ఎక్కించినచో కొద్దికాలములోనే కీలునుండి జారిపోవును. అందుచే శాస్త్రజ్ఞులు వేరొక యుక్తి పన్నిరి. మందును గాక, మందును తయారుచేయు జన్యువును హాని చేయని వైరసు పెంకులో నుంచి కీలులోనికి పంపుదురు. పొరలోని కణములు దానిని గ్రహించి, తామే మందును చేయుచుండును.

ఈ ఆలోచన నేటిది కాదు. 1996లో అమెరికాలోని పిట్స్‌బర్గులో క్రిస్టఫర్ ఎవాన్సు బృందము తొలిసారిగా మనుష్యుల కీళ్లలో ఇట్టి ప్రయత్నము చేసినది. అది రుమటాయిడు అను వేరు జాతి వాతమునకు. పిదప గుఱ్ఱముల కీళ్లలో పరిశోధించిరి. మోకాళ్ల అరుగుదలకు మేయో క్లినిక్కులో 9 మందికి ఒక్కొక్క సూది ఇచ్చి, 2025లో ఫలితములు ప్రకటించిరి. ఏడాది గడచినను కీలులో ఆ మాంసకృత్తు హెచ్చుగానే కనబడినది, నొప్పియు తగ్గినది. అయితే 9 మంది స్వల్పసంఖ్య. సూది పడినదన్న నమ్మకముచేతనే మోకాలినొప్పి కొంత తగ్గుట వైద్యులెరిగినదే. అరుగుదల మందగించినదా అనునది ఇంకను తేలవలసియున్నది.

మనకు చేరువనున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో హీమోఫిలియా రోగులు అయిదుగురికి జన్యుచికిత్స చేసి, రక్తస్రావములు ఆగినట్లు 2024 డిసెంబరులో ప్రకటించిరి. ఆ వ్యాధిలోను నెత్తురు కీళ్లలోనికి స్రవించి వానిని పాడుచేయును. కాని ఆ చికిత్స వేరు. మోకాళ్ల అరుగుదలకు అది పనికిరాదు. ఈ భేదము తెలియక వేలూరికి బస్సెక్కువారికి సభ్యులు నచ్చజెప్పవలెను.

దక్షిణ కొరియాలో 2017లో అనుమతి పొందిన ఇన్వోసా యను మోకాలి మందులో, చెప్పిన కణములు గాక వేరు కణములున్నట్లు బయటపడి, 2019లో అనుమతి రద్దయినది. మన దేశములో మోకాళ్ల అరుగుదలకు అనుమతి పొందిన జన్యుచికిత్స లేదు. పరిశోధన యని చెప్పి యెవరైన గ్రామమునకు వచ్చినచో, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్యను, నైతిక సంఘపు అనుమతిని చూపుమని అడుగవలెను. 2019 నాటి నియమముల ప్రకారము రోగికి అర్థమగు భాషలో వివరించి వ్రాతమూలమున సమ్మతి పొందవలెను. పరిశోధనవలన హాని కలిగినచో ఉచిత వైద్యమును, పరిహారమును ఈయవలెను. రోగివద్ద వేలకు వేలు పుచ్చుకొని పొడుచు సూది పరిశోధన కాదు, వ్యాపారము.

ప్రస్తుతము తొడ కండరములకు బలమిచ్చు వ్యాయామము, అధికమైన శరీరభారమును తగ్గించుకొనుట మేలు చేయును. అంగడిలో కొన్న నొప్పి మాత్రలను నెలల తరబడి మ్రింగుట కడుపునకును, మూత్రపిండములకును చేటు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని అడిగియే వాడవలెను.