160 చుట్లు

మిల్లింగ్ మిషన్ ముందు మోకాలెత్తున ఓ పెద్ద హ్యాండిల్ ఉంటుంది. దాన్ని తిప్పితే టేబులూ, దాని మీది వైసూ, వైసులో బిగించిన జాబూ, వీటన్నిటినీ మోసే ‘నీ’ అనే పోత దిమ్మె కలిసి పైకి లేస్తాయి. మధ్యరకం మిషన్లలో కూడా ఇదంతా రెండు మూడు వందల కిలోలు తూగుతుంది. ఒక చుట్టుకు లేచేది మాత్రం రెండున్నర మిల్లీమీటర్లు. పొట్టి కట్టర్ తీసి పొడుగు డ్రిల్ పెట్టినప్పుడల్లా టేబుల్ దించాలి, మళ్లీ ఎత్తాలి. 40 సెంటీమీటర్లు ఎత్తాలంటే 160 చుట్లు! సాయంత్రానికి భుజం ఎందుకు లాగుతుందో వేరే చెప్పాలా?

ఈ యంత్రానికి వయసు బాగానే ఉంది. ట్విస్ట్ డ్రిల్ గాడుల్ని ఆకురాయితో చేత్తో రాస్తున్న రోజుల్లో, ఆ పని కోసం జోసెఫ్ బ్రౌన్ అమెరికాలో 1862లో యూనివర్సల్ మిల్లింగ్ మిషన్ చేశాడు. మనం వర్క్‌షాపుల్లో ఎక్కువగా చూసే నిలువు రకం రుడాల్ఫ్ బానో, మాగ్నస్ వాల్‌స్ట్రామ్ అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో తయారుచేసి 1938లో అమ్మకానికి తెచ్చింది. ప్రపంచమంతా దాన్నే కాపీ కొట్టింది. కట్టర్ తిప్పడానికి మోటారు ఉంది, టేబుల్ ఎత్తడం మాత్రం చేతికే వదిలేశారు.

హైదరాబాద్ రాంనగర్‌కు యంత్రాలు కొత్త కాదు. ఒకవైపు ఆజమాబాద్ పారిశ్రామికవాడ, ఇంకోవైపు 1943లో మొదలై యంత్ర పరికరాలు చేసిన కవాడిగూడ ప్రాగా టూల్స్. పెద్ద ఫ్యాక్టరీల మిషన్లలో టేబుల్ ఎత్తే ఏర్పాటు పుట్టుకతోనే వస్తుంది. అద్దె షెడ్డులోకి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన మిషన్‌కు ఆ భాగ్యం ఎక్కడిది? రాణీగంజ్‌లో గొలుసూ బేరింగులూ, కోఠిలో స్విచ్చులూ, తుక్కులోంచి లారీ వైపర్ మోటారూ తెచ్చుకుని తగిలించుకోవాల్సిందే.

వైపర్ మోటారా అని నవ్వొద్దు. 250 కిలోల్ని 40 సెంటీమీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి వెయ్యి జౌళ్లలోపే. స్క్రూలో, పళ్లచక్రాల్లో రాపిడి మూడొంతులకు పైగా తినేసినా, మూడు నిమిషాల్లో ఎత్తుతానంటే పాతిక ముప్పై వాట్లతో పని నడుస్తుంది. పైగా ఆ రాపిడే మనకు మేలు చేస్తోంది. కరెంటు పోయినా టేబుల్ జారిపోకుండా ఆపేది అదే.

కాబట్టి అసలు చిక్కు బలంతో కాదు. మోటారు తిరుగుతుంటే హ్యాండిల్ కూడా తిరిగిందంటే, పక్కన నిలబడ్డవాడి మోకాలు పగులుతుంది. అందుకే హ్యాండిల్‌కూ షాఫ్టుకూ నడుమ పళ్ల క్లచ్చు, దాని వెనక స్ప్రింగు. నొక్కి పట్టుకుంటేనే పళ్లు కలుస్తాయి, వదిలితే హ్యాండిల్ వట్టిగా వేలాడుతుంది. నా లెక్కలో మోటారు కంటే ముందు చూసుకోవాల్సింది ఈ స్ప్రింగునే. స్విచ్చు కూడా అలాంటిదే కావాలి, వేలు తీస్తే మధ్యకొచ్చి ఆగేది. ఆగడమంటే కరెంటు తీసేయడమొక్కటే కాదు. ఊపు మీదున్న మోటారు ఇంకాస్త తిరిగి జాబును కట్టర్‌కు గుద్దుతుంది. శాశ్వత అయస్కాంతమున్న డీసీ మోటారైతే ఆపగానే దాని రెండు వైర్లూ కలిసేలా స్విచ్చు కట్టాలి. అప్పుడది జనరేటరై తన ఊపును తానే తినేసి టక్కున నిలుస్తుంది. పైనా కిందా లిమిట్ స్విచ్చులు, ‘నీ’ లాక్ విప్పకుండా మీట నొక్కే తొందరవాళ్ల కోసం ఓ ఫ్యూజు. ఇవి లేకుండా బిగించినది లిఫ్టు కాదు, తద్దినం.

ఇంత చేసినా సైజుకు మోటారుతో తెచ్చేవాళ్లెవరూ లేరు. ఓ అర మిల్లీమీటరు కిందే ఆపేసి, హ్యాండిల్ లోపలికి నొక్కి, డయల్ గీతలు చూసుకుంటూ చేత్తో ఎత్తుతారు. గీత దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి తిప్పి సరిపెట్టరు. బిగుతుగా ఉన్న జారుడు దారుల్లో ‘నీ’ పట్టుకుని ఉండిపోయి, కట్టర్ తగిలాక దిగొచ్చు. ఒక చుట్టు పూర్తిగా దించి, మళ్లీ కింది నుంచే పైకి తెచ్చి, అప్పుడు లాక్ బిగిస్తారు.