పెళ్లికాని రాజు వెనుక నాలుగు కథలు
'కేరాఫ్ కంచరపాలెం' ముచ్చట ఘనపూర్‌కూ వర్తిస్తుంది

స్టేషన్ ఘనపూర్: ఊరన్న తరువాత పెళ్లికాని మనిషి ఒక్కరైనా ఉంటారు. యాభై ఏళ్లు దగ్గరపడుతున్నా లగ్గం కాలేదంటే హోటల్ బల్లల మీద, బస్టాండు అరుగుల మీద, కల్లు మండువలో ఆ మనిషి గురించే మాటలు. ఏదో లోపం ఉందనేవారు కొందరు, పిసినారి గనుక చేసుకోలేదనేవారు కొందరు. అసలు సంగతేమిటని ఆ మనిషినే అడిగి, చెప్పింది ఓపికగా వినేవారు మాత్రం అరుదు. అటువంటి ఒక మనిషి కథను చెప్పి ప్రేక్షకుల మన్ననలు పొందిన చిత్రం 'కేరాఫ్ కంచరపాలెం'. 2018 సెప్టెంబరు 7న ఇది విడుదలైంది.

కంచరపాలెం విశాఖపట్నం నగరంలోని ఒక పేట. ఘనపూర్‌కు అది దూరమే అయినా రెంటినీ కలిపే రైలుదారి ఉంది. విశాఖలో బయలుదేరిన గోదావరి ఎక్స్‌ప్రెస్ కాజీపేట దాటాక ఘనపూర్ మీదుగానే హైదరాబాద్ వైపు వెళ్తుంది. అక్కడి యాస వేరు, ఇక్కడి యాస వేరు. పెళ్లిళ్ల విషయంలో ఊరి పెత్తనం మాత్రం రెండుచోట్లా ఒక్కతీరుగానే ఉంటుందని చిత్రం చూసినవారికి తోచకమానదు.

నటులు పేటవాసులే

దర్శకుడు వెంకటేష్ మహాకు ఇది తొలి చిత్రం. పేరున్న తారలెవరూ ఇందులో లేరు. 80 మందికి పైగా కొత్తవారు నటించగా వారిలో ఎక్కువమంది కంచరపాలెం వాసులే కావడం విశేషం. అమెరికాలో హృద్రోగ వైద్యురాలైన పరుచూరి ప్రవీణ దీనిని నిర్మించి, సలీమా అనే ముఖ్యపాత్రను కూడా ధరించారు. నటుడు దగ్గుబాటి రానా సమర్పకుడిగా ముందుకు రావడంతో చిత్రం థియేటర్లకు చేరింది. అంతకుముందే న్యూయార్క్ భారతీయ చలనచిత్రోత్సవానికి ఎంపికైంది. 2021లో 'కేరాఫ్ కాదల్' పేరుతో తమిళంలోనూ తీశారు.

నాలుగు జంటలు

ఇందులో నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నడుస్తాయి. బడిలో చదివే సుందరం తన తోటి పిల్ల సునీతను ఇష్టపడతాడు. పిల్ల తండ్రికి అది గిట్టక ఆమెను అక్కడినుంచి పంపించివేస్తాడు. యువకుడైన జోసెఫ్, బ్రాహ్మణ కుటుంబానికి చెందిన భార్గవి ఒకరినొకరు కోరుకుంటారు. మతం, కులం అడ్డువచ్చి ఆమె తండ్రి మాటే నెగ్గుతుంది.

మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, రోజూ ముఖానికి ముసుగుతో వచ్చే సలీమా కళ్లు చూసి మనసు పారేసుకుంటాడు. ఆమె పడుపు వృత్తిలో ఉందని తెలిసినా పెళ్లాడతానంటాడు. ఆ జంటను లోకం కలిసి బతకనివ్వదు. నాలుగో కథ 49 ఏళ్ల రాజుది. ఒక ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు. పెళ్లికానందున పేటలో అందరి నోళ్లలో నానుతుంటాడు. ఒడిశా నుంచి బదిలీపై వచ్చిన 42 ఏళ్ల అధికారి రాధతో అతనికి స్నేహం కుదురుతుంది. ఆమె భర్తను పోగొట్టుకున్న స్త్రీ, ఎదిగిన కూతురికి తల్లి.

వేర్వేరు మనుషుల బతుకులను ఒకచోట కలపడం తెలుగు తెరకు కొత్తకాదు. 2010లో క్రిష్ దర్శకత్వంలో వచ్చిన 'వేదం'లో అయిదుగురి దారులు ఒక ఆస్పత్రిలో కలిశాయి. కంచరపాలెం కథల ముడి వేరు. సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు నలుగురు కారనీ, ఒకే మనిషి బతుకులోని నాలుగు దశలనీ చివరకు తెలుస్తుంది. ప్రేమించడం చేతకానివాడని పేట నవ్విన మనిషి అప్పటికే మూడుసార్లు మనసారా ప్రేమించాడు. మూడుసార్లూ ఇతరుల పెత్తనమే అతన్ని ఒంటరిని చేసింది.

తెర బయట

ఇది కథే కదా అని కొట్టిపారేయడానికి లేదు. చిత్రం విడుదలైన వారానికే, 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న ఒక దళిత యువకుడిని, గర్భిణి అయిన భార్య ఎదుటే, ఆస్పత్రి బయట నరికి చంపారు. ఈ కేసులో 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. తీర్పు రావడానికి ఆరేళ్లకు పైగా పట్టింది.

చట్టం మాత్రం ఎన్నడో దారి చూపింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం వేర్వేరు మతాలవారు మతం మార్చుకోకుండానే పెళ్లి చేసుకోవచ్చు. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వరునికి 21, వధువుకు 18 ఏళ్లు నిండాలి. మేజర్లయిన ఇద్దరు ఇష్టపడి చేసుకునే పెళ్లిలో కులపంచాయతీలు జోక్యం చేసుకోవడం చట్టవిరుద్ధమని 2018 మార్చి 27న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

రాధ ధైర్యం

వితంతు వివాహాలకు 1856లోనే చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఇంత కాలం గడిచినా నలభై దాటిన స్త్రీ మళ్లీ పెళ్లి మాట ఎత్తితే ముక్కున వేలేసుకునేవారు నేటికీ ఉన్నారు. భార్య పోయిన మగవాడికి ఏడాది తిరక్కుండానే సంబంధాలు వెదికే బంధువులే, భర్త పోయిన ఆడబిడ్డకు పిల్లలను చూసుకుని బతకమని నీతులు చెబుతారు.

చిత్రంలో పెళ్లి మాట ముందుగా ఎత్తేది రాధే. తోడబుట్టినవాడు కాదంటాడు, కన్నకూతురు ఔనంటుంది. ఇంట్లో ఒక్కరు అండగా నిలిస్తే ఎంత ధైర్యం వస్తుందో ఆ ఘట్టం చూపుతుంది.

రాజు వంటివారు, రాధ వంటివారు ఘనపూర్ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉండే ఉంటారు. వారికి సంబంధం చూడకపోయినా ఫరవాలేదు. వారి వెనుక గుసగుసలు మానుకుంటే, పెళ్లి మాట ఎత్తిననాడు ఇంటిల్లిపాదీ అడ్డు నిలవకుంటే అదే పదివేలు.