వానలో ఫ్లైట్ ధబ్‌మని దిగితే పైలట్‌ని తిట్టొద్దు!

వానలో శంషాబాద్‌లో ఫ్లైట్ ధబ్‌మని దిగిందనుకోండి. "పైలట్‌కి ల్యాండింగ్ రాదురా" అని వెంటనే స్టేటస్ పెట్టేస్తాం. కానీ తడి రన్‌వే మీద చాలాసార్లు కావాలనే అలా దింపుతారు. ఎందుకో చూద్దాం.

స్పీడు మరీ ఎక్కువైతే టైరుకి, నేలకి మధ్య నీటి పొర చేరుతుంది. టైరు నీళ్ల మీద తేలుతుంది, బ్రేక్ వేసినా పట్టు ఉండదు. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. 1960లలో నాసా టెస్టుల నుంచి వచ్చిన సింపుల్ లెక్క ఒకటుంది: టైరు ప్రెషర్ ఎన్ని పీఎస్‌ఐ ఉందో దాని వర్గమూలాన్ని 9తో గుణించండి, ఆ స్పీడు నాట్స్‌లో వస్తుంది. కారు టైరు 32 పీఎస్‌ఐ అయితే గంటకి సుమారు 95 కిలోమీటర్లు. మన చిక్కడపల్లి, నారాయణగూడ ట్రాఫిక్‌లో ఆ స్పీడు కలలో కూడా రాదు. అశోక్ నగర్ గల్లీల్లో బండి జారేది ఎక్కువగా బురద వల్లే! విమానం టైరు 200 పీఎస్‌ఐ అయితే సుమారు 235. జెట్ దిగేదే దాదాపు ఆ స్పీడులో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువలో.

అందుకే కాస్త గట్టిగా దింపుతారు. చక్రాలు నీటి పొరని చీల్చుకుని వెంటనే తిరుగుతాయి. రెక్కల మీది స్పాయిలర్లు లేచి, విమానం బరువంతా చక్రాల మీద పడుతుంది. అప్పుడే బ్రేకులు పట్టేది. మెత్తగా దింపాలని గాల్లో తేలుతూ పోతే, వెనక వదిలేసిన రన్‌వే మళ్లీ రాదు. తడి రన్‌వేకి పొడి లెక్క కన్నా 15 శాతం ఎక్కువ పొడవు ఉండాలన్న రూల్ కూడా అందుకే.

2020 ఆగస్టు 7, కోళికోడ్. దుబాయ్ నుంచి 190 మందితో వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం. వాన, వెనక నుంచి గాలి. సుమారు 2,700 మీటర్ల రన్‌వేలో దాదాపు సగం దాటాక నేలని తాకింది. అప్పటికి స్పీడు గంటకి సుమారు 305 కిలోమీటర్లు. పక్క పైలట్ "గో అరౌండ్", అంటే మళ్లీ పైకి లేపమని చెప్పినా ల్యాండింగ్ ఆగలేదని దర్యాప్తు రిపోర్టు చెప్పింది. విమానం రన్‌వే దాటి లోయలో పడింది. ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది చనిపోయారు.

సో, వానలో దిగబోయిన ఫ్లైట్ మళ్లీ పైకి లేచినా, విజయవాడకో బెంగళూరుకో మళ్లించినా కంగారు పడకండి, కోప్పడకండి. ఆ లేటు మన ప్రాణాల కోసమే. ఇంట్లో ఎవరైనా మొదటిసారి ఫ్లైట్ ఎక్కుతుంటే ఈ వీడియో వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం, బై!