మందుల డబ్బా మరవొద్దు!

ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఫ్లాస్కు, దుప్పటి, తువ్వాలు, ఫోను ఛార్జరు... అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుకుంటాం. రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు మాత్రం అలమారలోనే ఉండిపోతాయి. 'అక్కడెలాగూ మందులిస్తారుగా' అన్న ధీమా! కొందరు ఇందుకు పూర్తిగా విరుద్ధం. డబ్బా మొత్తం పట్టుకెళ్లి తలగడ పక్కన పెట్టుకుంటారు. ఎవరికీ చెప్పకుండా వేళకి వేసేసుకుంటారు. రెండూ ముప్పే. ఇంటి మందులు ఆసుపత్రికి వెళ్లాలి. కానీ ముందు డాక్టరు చూడాలి, ఆ తర్వాతే రోగి మింగాలి.

చెప్పలేకపోతే చూపించండి

'రోజూ ఏం మందులు వాడుతున్నారు?' ఆసుపత్రిలో చేరగానే ఎదురయ్యే ప్రశ్న ఇది. 'పొద్దున ఓ తెల్లమాత్ర, రాత్రి ఓ గులాబీరంగుది' అంటే డాక్టరుకి తెలిసేదేమీ ఉండదు. అర్ధరాత్రి అంబులెన్సులో తీసుకొచ్చిన పెద్దాయన మాట్లాడే స్థితిలో లేకపోతే ఆ మాత్రం చెప్పేవాళ్లూ ఉండరు. అప్పుడు సాక్ష్యం చెప్పేది మాత్రల స్ట్రిప్పులే. బ్రిటన్‌లో 'గ్రీన్ బ్యాగ్' పద్ధతి వచ్చింది అందుకే. రోగి ఇంట్లో వాడే మందులన్నిటినీ ఓ ఆకుపచ్చ సంచిలో వేసి, ఆయనతోపాటే ఆసుపత్రికి తెస్తారు. మందుల పొరపాట్లు తగ్గించేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఓ కార్యక్రమం మొదలుపెట్టింది. రోగి ఇంటి నుంచి ఆసుపత్రికి, అక్కణ్నుంచి మళ్లీ ఇంటికి మారే సమయం మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలని అది చెబుతోంది.

మానేస్తే ఒకటి... వేసుకుంటే ఒకటి!

కొన్ని మందుల్ని ఉన్నట్టుండి ఆపకూడదు. గుండెజబ్బు ఉన్నవారు అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి హఠాత్తుగా మానేస్తే గుండెదడ, ఛాతీనొప్పి రావచ్చు. మూర్ఛ మందు తప్పితే ఫిట్స్ తిరగబెట్టొచ్చు. పార్కిన్సన్స్ ఉన్నవారికి లెవొడోపా వేళ తప్పితే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఇలాంటివి ఆసుపత్రి దుకాణంలో వెంటనే దొరక్కపోతే ఇంటి స్ట్రిప్పే ఆదుకుంటుంది.

మరికొన్నిటిని వేసుకోవడమే ప్రమాదం. రక్తాన్ని పలచన చేసే మందులు ఆపరేషన్‌లో రక్తస్రావాన్ని పెంచుతాయి. అలాగని గుండెలో స్టెంటు ఉన్నవారు సొంతంగా మానేస్తే అది మూసుకుపోవచ్చు. నిర్ణయం డాక్టరుదే. షుగరుకి వాడే డపాగ్లిఫ్లోజిన్‌ని ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందు ఆపమంటారు. లేకపోతే పరీక్షలో షుగరు మామూలుగానే కనిపిస్తున్నా రక్తంలో ఆమ్లాలు పెరిగిపోయే ప్రమాదముంది. అందుకే ఆపరేషన్ తేదీ ఖరారైన రోజే మందుల జాబితా చూపించాలి.

పేరు వేరు, మందు ఒకటే

ఇంట్లో వేసుకునేది టెల్మా. ఆసుపత్రిలో నర్సు ఇచ్చింది టెల్మికైండ్. పేర్లు వేరు కాబట్టి రెండూ వేసుకోవాలేమో అనుకుంటారు. కానీ రెండింట్లోనూ ఉన్నది టెల్మిసార్టానే! మోతాదు రెట్టింపై బీపీ పడిపోతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి.

ఇన్సులిన్‌తో మరీ జాగ్రత్త. మన దగ్గర దొరికే సీసాల్లో మిల్లీలీటరుకి 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ ఉంటాయి. మొదటిదానికి ఎర్రమూత సిరంజి, రెండోదానికి నారింజరంగు మూత సిరంజి వాడాలి. ఇంటి నుంచి తెచ్చిన ఎర్రమూత సిరంజితో 100 యూనిట్ల సీసాలోంచి తీస్తే ఒంట్లోకి వెళ్లేది రెండున్నర రెట్ల మోతాదు. ప్రాణం మీదికి రావడానికి అది చాలు.

మళ్లీ కొనాలా?

నెలకు సరిపడా మాత్రలు ఇంట్లో ఉండగా మళ్లీ ఎందుకు కొనాలన్నది సబబైన ప్రశ్నే. కొన్ని ఆసుపత్రులు ఇంటి మందుల్ని పరిశీలించి, కేసు షీటులో రాసుకుని అవే ఇస్తాయి. కొన్ని ఒప్పుకోవు. ఎలా నిల్వచేశారో తెలియని మందుకి తాము బాధ్యత వహించలేమన్నది వాటి వాదన. సొంత దుకాణాల్లోనే కొనాలని ఆసుపత్రులు బలవంతం చేస్తున్నాయంటూ దాఖలైన వ్యాజ్యంపై 2025 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తానుగా ఆదేశాలేవీ ఇవ్వకుండా, తగిన విధానాన్ని ఆలోచించే పనిని రాష్ట్ర ప్రభుత్వాలకు వదిలేసింది. కాబట్టి చేరేముందే అడిగి తెలుసుకోవడం మేలు. ఒప్పుకోకపోతే చూపించి, జాబితా రాయించి, డబ్బాను ఇంటికి పంపేయండి. ఒప్పుకున్నా సరే, నర్సుకి తెలియకుండా ఒక్క మాత్రా వేసుకోవద్దు.

సంచిలో ఏముండాలి?

* మాత్రలు స్ట్రిప్పుల్లోనే ఉండాలి. పేరు, గడువు తేదీ ఉన్నవైపు కత్తిరించకండి.
* పాత చీటీలు, ఏ మందు ఏ వేళకో రాసిన కాగితం. ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటే మరీ మంచిది.
* మాత్రలే మందులనుకోవద్దు. కంటిచుక్కలు, ఇన్‌హేలర్లు, ఆయుర్వేద లేహ్యాలు, ఆకుమందులూ చూపించాలి.
* ఇన్సులిన్‌ని చల్లగా ఉంచండి. ఐసుముక్కలకి నేరుగా తగలనీయొద్దు, గడ్డకడితే పనికిరాదు.
* మందులు పడని చరిత్ర ఉంటే వాటి పేర్లు పెద్దక్షరాలతో రాయండి.

డిశ్చార్జి రోజున ఈ సంచిని మరోసారి విప్పాలి. కొత్త చీటీ పక్కన పాత చీటీ పెట్టి ఏది కొనసాగించాలి, ఏది ఆపాలి, దేని మోతాదు మారిందో ఒక్కొక్కటీ అడగండి. ఆపేయమన్నవాటిని ఆ రోజే డబ్బాలోంచి తీసేయండి. లేదంటే వారం తిరక్కుండానే కొత్తవాటితోపాటు అవీ నోట్లోకి వెళ్లిపోతాయి!